నేల పరిచేవాడి మోకాలు

మా బావ టైల్స్ మేస్త్రి. ఆయన పరిచిన నేల మీద నడవనివాళ్లు మా చుట్టుపక్కల వీధుల్లో తక్కువ. నేను ఆయన బామ్మర్దిని, ఆయన చేతికింద మాలు కలుపుతాను. ఇసుకా సిమెంటూ నీళ్లూ కలిపిన ముద్దను మేం మాలు అంటాం. మా అక్కను చేసుకున్న పాపానికి నన్ను భరిస్తున్నానని ఆయన పదిమందిలో చెప్పుకుంటాడు. మా అక్కను ఇచ్చిన పాపానికి పార పట్టుకున్నానని నేనూ చెప్పుకుంటాను. ఈ లెక్క వాళ్ల పెళ్లప్పటి నుంచీ తేలలేదు.

అందరూ ఆయన్ని మట్టం మేస్త్రి అంటారు. మట్టం అంటే ఆయనకు అంత పిచ్చి. చేతిలో నేల చదును చూసే రసమట్టం లేకపోతే ఆయనకు ఏదో వస్తువు పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఒకసారి బ్యాంకులో కూర్చోమన్నారని కూర్చుని, ఊరుకోలేక నేల మీదకి దిగి, వేలి కణుపులతో ఒక్కో టైలూ కొట్టి వింటున్నాడు. డొల్లగా మోగితే కింద మాలు పట్టలేదని అర్థం. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి ఏం వెతుకుతున్నారని అడిగితే, "మీ మేనేజరు కుర్చీ కింద డొల్లగా ఉంది, జాగ్రత్తగా ఉండమను" అన్నాడు. ఆ మాటకు ఏ అర్థం తీశారో గాని మమ్మల్ని లోపలికి పిలిచి మరీ పని తొందరగా చేసి పంపించారు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉంది. పరిచిన నేల మీద మర్నాటిదాకా పురుగు కూడా నడవకూడదు. ఒక ఇంట్లో గుమ్మం దగ్గర పని ముగించేసరికి ఆ ఇంటాయన ఆఫీసునుంచి వచ్చాడు. సొంత ఇల్లు, సొంత గుమ్మం, అయినా మా బావ ససేమిరా అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి బూట్లు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుని, పక్కింటివాళ్లిచ్చిన టీ తాగి, చివరికి వెనకవైపు వంటింటి కిటికీలోంచి లోపలికి దూరాడు. "పచ్చి నేలకు తొందరపాటు పనికిరాదు సార్" అని మా బావ కిటికీ దాకా వెళ్లి మర్యాదగా ఆయన్ని లోపలికి తోశాడు కూడా.

ఇంత మనిషినీ కుడి మోకాలు కూలదోసింది.

ముందు మెట్లు ఎక్కేటప్పుడు కటకటమనేది. తర్వాత మోకాలి కింద వేసుకునే గోనెపట్టా ఒక మడత మీద ఇంకో మడత పెరుగుతూ పోయింది. ఆ తర్వాత కిందికి దిగాలంటే గోడ, లేవాలంటే నా భుజం కావలసి వచ్చాయి. అడిగితే "చలికి పట్టేసింది" అనేవాడు. ఎండలు మండిపోతున్నప్పుడు కూడా అదే మాట. చివరికి ఒక బాత్రూములో కొంప మునిగింది. బాత్రూము నేలకు వాటం పెట్టాలి, అంటే పోసిన నీళ్లు గొట్టం వైపు జారిపోయేలా కాస్త ఏటవాలుగా పరచాలి. అది నేలకు కన్ను ఆనించి చూసుకునే పని. ఆయన దిగలేక, బోర్లించిన బకెట్ మీద కూర్చుని అంచనాగా కానిచ్చేశాడు. మర్నాడు ఇంటావిడ చెంబుడు నీళ్లు పోసింది. అవి గొట్టాన్ని కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా పడకగదిలోకి వెళ్లాయి.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "పెద్దవారయ్యారు కదండీ, ఫర్వాలేదు" అంది. మా బావ ఆ నేలంతా తనే పగలగొట్టి, ఆ ముక్కలు తనే ఎత్తి, బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేల దాకా వెళ్లలేనివాడికి నేల పనేంట్రా" అన్నాడు. ఆయనకు ఇంకో పని తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు.

మొదట వీధి చివర ఉన్న ఎముకల డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే చూసి మోకాలి కీలు మార్చాలన్నాడు. మారిస్తే నొప్పి తగ్గుతుంది, హాయిగా నడవచ్చు, కాకపోతే జన్మలో మళ్లీ ఆ మోకాలు నేలకు ఆనించకూడదు, కూర్చుని చేసే పనేదైనా చూసుకోమన్నాడు. బావ చెప్పులు వేసుకుని ఇంటిదారి పట్టాడు.

కూర్చుని చేసే పని కూడా చేసి చూశాం. అంటే గది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆయన పెత్తనం చేయడం, మిగతావాళ్లం టైల్స్ వేయడం. ఆయన ఎవరి చేతినీ నమ్మడు. కుర్చీలోంచి వంగి, వంగలేక, కర్రతో పొడిచి, "అది లేచింది, ఇది కుంగింది" అని ఒకటే గోల. పని ఆయన కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇద్దరం కుర్చీతో సహా ఆయన్ని ఎత్తి ఇంకో మూలకు మార్చాల్సి వచ్చేది. మాతో పనిచేసే మేస్త్రి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "బాబ్బాబు, ఆయన్ని ఆపరేషన్‌కైనా పంపు, మమ్మల్ని ఇంటికైనా పంపు" అని కాళ్లావేళ్లా పడ్డాడు.

అప్పుడు అక్కను కూడా తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లాం. అక్కడ ఎముకల విభాగంలో ఉన్న డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద గొంతు. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించింది.

"గుజ్జు పూర్తిగా అరిగిపోయింది. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, చూడండి."

"అంటే జాయింట్లో ఫిల్లింగ్ పోయింది" అన్నాడు బావ.

"పోయింది."

"పైన పెచ్చులు కూడా లేచాయా?"

"లేచాయి. ఆ పెచ్చులు చెక్కేసి, చదును చేసి, కొలత చూసుకుని, పైన లోహపు తొడుగు, కింద లోహపు పలక పెడతాం. మధ్యలో గట్టి ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది."

"పలకని దేంతో అతికిస్తారమ్మా?"

"సిమెంటుతో."

బావ కుర్చీలో నిటారుగా కూర్చుని నా వైపు గర్వంగా చూశాడు. ఆ క్షణం నుంచి ఆయన లెక్కలో ఆవిడ డాక్టరు కాదు, మేస్త్రి. అందుకే అసలు ప్రశ్న అడగ్గలిగాడు.

"అమ్మా, మళ్లీ మోకాలు ఆనించి పని చేసుకోగలనా?"

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి పక్కన పెట్టి కూర్చుంది. "వద్దని చెప్పడం మా వాళ్లలో చాలామందికి అలవాటు. కానీ ఈమధ్య జరిగిన పరిశోధనల్లో, ఆనిస్తే కొత్త కీలు పాడవుతుందనడానికి ఆధారమేమీ కనపడలేదు. చాలామంది చెయ్యలేక కాదు, భయపడి మానేస్తున్నారు. ఎవరో వద్దన్నారని మానేస్తున్నారు. పద్ధతిగా నేర్పిస్తే ఎంతమంది దిగగలుగుతారో మేం ఇక్కడ చూస్తున్నాం. ఇష్టమైతే అందులో మీరూ చేరండి."

"చేరితే దిగగలనా?"

"అది మాత్రం మాటివ్వలేను. కోత పడినచోట చర్మం మొద్దుబారుతుంది. కొందరికి ఆనిస్తే నొప్పి ఉంటుంది. కొందరు శుభ్రంగా దిగుతారు. మీరు ఏ రకమో మీరు దిగాకే తెలుస్తుంది."

మా అక్క అప్పటిదాకా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వింటోంది. ఇక ఆగలేకపోయింది. "డాక్టరమ్మా, ఈయన బుర్ర మోకాల్లో ఉందని నాకు పెళ్లైన కొత్తలోనే తెలిసింది. ఇప్పుడు ఆ మోకాలు కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది? ఉన్నది బాగుచేసి నడిచేలా చెయ్యండి, చాలు. ఈ దిగడాలూ ఎక్కడాలూ మాకొద్దు."

అందరం నవ్వాం గాని మా అక్క నవ్వులాటకు అన్న మాట కాదది. రోజూ సాయంత్రం ఆయన మూలుగులు విన్నది ఆవిడ. వేడినీళ్ల గుడ్డ పెట్టిందీ ఆవిడే. కొత్త మోకాలు పెట్టించుకుని మళ్లీ దాన్ని నేలకేసి రాస్తానంటే ఆవిడకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక కూడా గొడవ ఆగలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను పిరికిగా ఇద్దరి వైపూ తలూపాను. చివరికి బావ మొండితనమే గెలిచింది. "దిగలేకపోతే కుర్చీలో కూర్చుంటానే. దిగగలిగి కూడా కుర్చీలో కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు" అన్నాడు. అక్క మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

ఆపరేషన్ పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నానికి బావ పూర్తిగా తెలివిలోకి వచ్చి, గదిలో కిటికీ చట్రం వంకరగా ఉందని కూడా చెప్పాడు కాబట్టి మాకు బెంగ తీరింది. కాసేపటికి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, "ఒరేయ్, ఒక తువ్వాలు బాగా తడిపి పట్రా" అన్నాడు. నుదుటికేమో అనుకుని తెచ్చాను. "అక్కడ కాదు, కాలికి" అన్నాడు గుసగుసగా. "వీళ్లు నీళ్లు పట్టే ఏర్పాటేమీ చేసినట్టు లేదు."

నిజం చెప్పొద్దూ, నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. కొత్తగా సిమెంటు పెట్టాక తడి ఆరకుండా చూడకపోతే బీటలిస్తుంది, మాకు తెలిసిన చదువంతా అదే. తువ్వాలు కట్టు మీద వేయబోతుంటే నర్సు చూసింది. ఆవిడ కేకకు పక్క గదుల్లో ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చుని ఉంటారు. తువ్వాలు లాక్కుని, నన్ను తలుపు దాకా తరిమి, కట్టు తడిస్తే ఏమవుతుందో తిట్ల మధ్యలో వివరించింది.

ఆ రభస సద్దుమణగకముందే కసరత్తులు చేయించే ఫిజియో అమ్మాయి నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "రండి అంకుల్, కాస్త నడుద్దాం."

"ఎవరు?"

"మీరే. ఆపరేషన్ అయిన రోజే లేపుతున్నాం ఇప్పుడు. త్వరగా లేస్తే కాల్లో రక్తం గడ్డకట్టే భయం తగ్గుతుంది, మోకాలు బిగుసుకోదు."

మా బావ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "పొద్దున పెట్టిన సిమెంటు మీద సాయంత్రానికి బరువెయ్యమంటావా తల్లీ? ఇలాంటి మాట అన్నవాణ్ని నేను పనిలోంచి తీసేశాను. వెళ్లి ఎన్నాళ్లు నీళ్లు పట్టాలో మీ డాక్టరమ్మను కనుక్కునిరా."

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి నా వైపు చూసింది. నేనూ నవ్వడం లేదు. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతారేంటండీ!" అంది తల పట్టుకుని. బతిమాలింది, భయపెట్టింది, అక్కతో చెప్పించింది. కొంపలంటుకున్నా కాలు కింద పెట్టనన్నాడు. మెట్ల మీద కూర్చోబెట్టిన ఆ ఇంటాయన ఈ దృశ్యం చూస్తే ఎంత సంతోషించేవాడో అని నేను మనసులో అనుకున్నాను.

చివరికి డాక్టరమ్మే వచ్చింది. విషయం విని కోప్పడలేదు. మళ్లీ బయటికెళ్లి, విద్యార్థులకు చూపించడానికి తన బల్ల మీద పెట్టుకునే చిన్న తెల్లటి ఉండ ఒకటి తెచ్చి బావ చేతిలో పెట్టింది.

"ఇదే మా సిమెంటు. ఆపరేషన్లో వాడగా మిగిలిన ముద్దను ఇలా చేత్తో ఉండచేసి పట్టుకుంటాం. అది గట్టిపడితే లోపలిదీ గట్టిపడినట్టు. మీ పొడి సిమెంటు కాదిది, వేరే జాతి. నీళ్లక్కర్లేదు. పావుగంటలోపు రాయవుతుంది. మీ కోతకు కుట్లు వేసేటప్పటికే మీ మోకాల్లోది గట్టిపడిపోయింది."

బావ ఆ ఉండను గోటితో గీకాడు. మంచం ఊచకేసి కొట్టి విన్నాడు. నాకిచ్చి నన్నూ కొట్టి వినమన్నాడు. డొల్ల లేదు. "పావుగంటా?" అన్నాడు. ఆయన గొంతులో అసూయ వినిపించింది. "ఇది బయట దొరుకుతుందా అమ్మా? బూట్లు పట్టుకుని మెట్ల మీద కూర్చునే బాధ తప్పుతుంది జనానికి."

"ఇలాంటిదాంతో గది పరిస్తే ఇల్లు అమ్ముకోవాలి. లేవండి ముందు."

లేచాడు. ముందు బొటనవేలు ఆనించి, తర్వాత అరికాలు మోపి, చేతికర్ర మీద బరువేసి తలుపుదాకా వెళ్లి వచ్చాడు. నొప్పికి మొహం నల్లబడింది గాని ఒక్క మూలుగు లేదు. మంచం మీద కూర్చున్నాక ఫిజియో అమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఏమీ అనుకోకమ్మా, మా సిమెంటు వేరు" అని క్షమాపణ అడిగాడు.

ఆ తర్వాత ఇంట్లో కసరత్తులు మొదలయ్యాయి. మోకాలు ఎంత వంగిందో ఆ అమ్మాయి వచ్చి రెండు బద్దల కొలతసాధనంతో చూసేది. ఆ సాధనం గది మూలలు చూసుకోవడానికి భలేగా ఉందని బావ దాన్ని అప్పడిగి చీవాట్లు తిన్నాడు. వంచేటప్పుడు నొప్పికి నన్ను తిట్టేవాడు. నేనేం చేశానని అడిగితే, "డాక్టరమ్మను తిట్టలేను, మీ అక్కను తిట్టే ధైర్యం లేదు, ఇంకెవరున్నారు?" అనేవాడు. అక్క దగ్గరుండి నడిపించేది, గుమ్మాలు దాటించేది, ఐసు పెట్టేది. మోకాలు ఆనించే మాట ఎత్తితే మాత్రం అక్కడినుంచి లేచి వెళ్లిపోయేది. కొద్దికొద్దిగా కర్ర పోయింది, కుంటు పోయింది. పెరట్లో నడుస్తున్న ఆయన్ని చూసి, "చాలదా ఇది?" అని అక్క నాతో అంది. చాలదని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు.

గాయం పూర్తిగా మానాక దిగడం నేర్పడం మొదలుపెట్టారు. ముందు మంచం అంచున పరుపు మీద ఆనించడం, తర్వాత మెత్త వేసిన స్టూలు, చివరికి నేల మీద పరిచిన చాప. పరుపు మీదా స్టూలు మీదా బాగానే అయింది. చాప రోజున మేం ముగ్గురం ఆసుపత్రి కసరత్తుల గదికి వెళ్లాం. అక్క రానంటూనే అందరికంటే ముందు తయారైంది.

ఆ రోజు మా బావలో ఎప్పుడూ చూడని మనిషిని చూశాను. చాప ముందు నిలబడి నీళ్లు కావాలన్నాడు. తాగాక బెల్టు సవరించుకున్నాడు. గదిలో ఉక్కగా ఉందన్నాడు. ఫిజియో అమ్మాయి కిటికీ తీసింది. అప్పుడు నన్ను దగ్గరికి లాక్కుని చిన్నగా అన్నాడు, "ఒరేయ్, ఇన్నాళ్లూ తెలీదు కాబట్టి ఆశుంది. ఇప్పుడు దిగితే తెలిసిపోతుంది." నాకు ఆయన మీద ఎంత ప్రేముందో నాకే అప్పటిదాకా తెలియలేదు. ఏదో ఒక వెక్కిరింత వెతికాను, దొరకలేదు. "దిగు బావా, నేనున్నాగా" అన్నాను.

స్టూలు పట్టుకుని ముందు ఎడమ మోకాలు ఆనించాడు. తర్వాత కుడిది నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దించాడు. అది చాపకు తగిలింది. ఆయన ఊపిరి బిగపట్టాడు, మేమూ బిగపట్టాం.

"నొప్పా అంకుల్?"

"మొద్దుగా ఉంది. మందపాటి గుడ్డ చుట్టినట్టుంది."

"నొప్పి ఉందా లేదా?"

ఆయన స్టూలు మీదినుంచి ఒక చెయ్యి తీశాడు, తర్వాత రెండోదీ తీశాడు. రెండు అరచేతులూ నేలకు ఆనించి తల వంచేశాడు. కాసేపటికి ఆయన చేతుల మధ్య చాప మీద చుక్కలు పడ్డాయి. ఫిజియో అమ్మాయి కంగారుపడి లేవమంది. అక్క ఒక్క అంగలో వచ్చి పక్కన కూలబడి, ఆయన వీపు పట్టుకుని, "చెప్పానా వద్దని! ఎక్కడ నొప్పి? ఎక్కడండీ?" అని ఏడుపు గొంతుతో అరిచింది.

"నొప్పి కాదే" అన్నాడు బావ. "కిందికొచ్చాను. అంతే."

అక్క ఆయన మొహంలోకి చూసింది. కొంగుతో ఆయన కళ్లు తుడిచి, తన కళ్లు తుడుచుకుని, ఫిజియో అమ్మాయి వైపు తిరిగింది. "ఇది రోజుకెన్నిసార్లు చేయించాలమ్మా? మెత్త ఎంత మందంలో ఉండాలో చెప్పు, ఇవాళే కుట్టేస్తాను. పనికి వెళ్లేటప్పుడు కూడా వేసుకునేలా పట్టీలు పెట్టనా?"

ఆ అమ్మాయి ముందు కొద్దికొద్దిసేపే అని, పనికి ఇంకా టైముందని, మెత్త లేకుండా గట్టి నేల మీద దిగొద్దని చెబుతోంది. అక్క బుద్ధిగా తలూపుతోంది. బావ మాత్రం ఇద్దరి మాటా వినకుండా, "ఈ చాప కాస్త పక్కకు లాగండమ్మా, కింద నేల ఎలా పరిచారో చూడాలి" అంటున్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఇలాంటప్పుడు కంట్లో సిమెంటు పడిందని తప్పించుకోవడం నాకు అలవాటు. ఆ గదిలో ఎంత వెతికినా చిటికెడు దుమ్ము కూడా లేదు. అందుకని సిగ్గు విడిచి అందరిముందూ ఏడ్చేశాను.